ఇంటి బిస్కత్తులు – ఇంటి దినుసులు

బిస్కత్తులను గూర్చి పాఠశాల పత్రికలో వ్రాయవలసిన దేమున్నదని కొందరు మిత్రులు నవ్వుచు మమ్ము ప్రశ్నించిరి. పద్యములున్నవి, దేశచరిత్ర యున్నది, ఆటల ఫలితములున్నవి. వీని నడుమ తినుబండారమునకు చోటెక్కడిదని వారి యభిప్రాయము. కాని గత వార్షికోత్సవమున మేము చేసిన పొరపాటొకటి బిస్కత్తుల పళ్లెము నొద్దనే జరిగినది. ఈ యేడు మేము పాఠశాల విడిచి పోవుచున్నాము. మా తరువాత వచ్చువారు అదే పొరపాటు చేయకుండుటకై ఈ విషయమునే యెన్నుకొంటిమి.

వార్షికోత్సవమునాడు తొమ్మిదవ తరగతివారు తినుబండారముల అంగడి నడుపుట మన పాఠశాలలో వాడుక. వచ్చిన సొమ్ము పేద విద్యార్థుల పుస్తకములకు వినియోగపడును. గత సంవత్సరము ఆ భారము మాపై బడినది. ఇప్పుడందరును కుకీలని పిలుచు మెత్తని బిస్కత్తులను మేమే కాల్చి అమ్మవలెనని నిశ్చయించితిమి. పిండి, వెన్న, చక్కెర తరగతి సొమ్ముతో కొంటిమి. అందులో కలుపుటకు తలకొక చాక్లెట్టు పలుకుల పొట్లము తేవలెననియు, మరి యే దినుసును అంగీకరింపబడదనియు నల్లబల్లపై పెద్ద అక్షరములతో వ్రాసితిమి.

ఆ యుదయమున వసతిగృహమునందుండు మా తరగతి బాలుడొకడు చిన్న గుడ్డమూటతో వచ్చెను. అందులో వేయించిన నువ్వులును, కొంచెము బెల్లమును ఉండెను. ఊరినుండి వచ్చువారి చేత అతని తల్లి పంపినదట. మేము నల్లబల్ల చూపి, మూటను బల్లక్రింద నుంచితిమి. మాలో ఒకరిద్దరు నవ్విరి కూడ. అతడేమియు అనలేదు. మధ్యాహ్నము చూచునప్పటికి మూట అచట లేదు. అతడును సాయంకాలము వరకు అంగడివైపు రాలేదు. బిస్కత్తులన్నియు అమ్ముడుపోయినవి. సొమ్ము లెక్క సరిగనే యున్నది. అయినను మేము చేసినది సరికాదని ఆ రాత్రియే మాకు తోచెను.

మా యభిప్రాయమిది. ఇంట నున్న దినుసుతో బిస్కత్తు చేయుట లేమికి గుర్తు కాదు, తెలివికి పరీక్ష. కొన్న పొట్లమును చించి పిండిలో పోయుటకు చదువక్కరలేదు. డబ్బాలో నున్నదానిని చూచి, దాని గుణమెరిగి, ఎంత వేయవచ్చునో, ఎప్పుడు వేయవలెనో నిర్ణయించుటకు చదువు కావలెను. మేము పెట్టిన నియమము ఆ తెలివిని త్రోసివేసి, పొట్లము కొనగల శక్తిని మాత్రమే లెక్కించినది. పాఠశాలలో నుండదగిన నియమము అది కాదు.

మేము అంత గొప్పగా నెంచిన చాక్లెట్టు బిస్కత్తు కథనే చూతము. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున విట్మన్ అను ఊరిలో రూత్ వేక్‌ఫీల్డ్ అను నామెయు, ఆమె భర్తయు 1930లో టోల్ హౌస్ అను భోజనశాలను కొని నడిపిరి. ఆమె 1924లో గృహశాస్త్రమున పట్టము పొందిన విదుషి. చాక్లెట్టు బిళ్లను కత్తితో ముక్కలు చేసి, బిస్కత్తు పిండిలో కలిపి ఆమె కాల్చిన వంటకము 1938లో వెలువడిన ఆమె వంటల పుస్తకపు కూర్పులో చేరినది. ఒకనాడు కావలసిన దినుసు లేకపోగా ఏదో వేసినదనియు, ముక్కలు కరగక నిలిచిపోవుటచే ఈ బిస్కత్తు అనుకోకుండ పుట్టినదనియు లోకమున ఒక కథ వ్యాపించినది. కాని ఆమె మాట వేరు. భోజనశాలలో ఐసుక్రీముతో వడ్డించుచుండిన పలుచని బిస్కత్తునకు బదులు మరియొక రకము కావలెనని యోచించియే చేసితినని ఆమె తరువాతి కాలమున చెప్పెను.

ఇందు మనము గమనింపవలసినవి రెండు సంగతులు. మొదటిది, అది అదృష్టము కాదు, నేర్పు. రెండవది, ఆమె చేతిలో అంగడి పలుకుల పొట్లము లేదు. అట్టి పలుకులను నెస్లే సంస్థవారు అమ్మసాగినది ఆ తరువాతనే. ముందు ఒక వంటయింటిలో బిళ్లను ముక్కలు చేసిరి. పొట్లము దాని వెనుక వచ్చినది. ఆ పొట్లమునే మేము తొలి నియమముగ పెట్టి, మూటను వెలివేసితిమి.

ఇట్టి ఉదాహరణములు మరికొన్ని కలవు. ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశములలో ఆన్జాక్ అను పేర ఒక బిస్కత్తు కలదు. ఆ పేరు 1914 మొదలు 1918 వరకు జరిగిన మహాయుద్ధమున పోరాడిన ఆ దేశముల సైనికదళమునకు చెందినది. ఓట్లు, పిండి, చక్కెర, వెన్న, పాకము, వంటసోడా ఇందులో చేరును, కొబ్బరియు వేయుదురు, గ్రుడ్లు మాత్రము వేయరు. గ్రుడ్లు లేకున్నను పాకము పిండిని చక్కగ పట్టియుంచును. మన దక్షిణదేశమునను ఒక కథ కలదు. మలబారు తీరమునందలి తలశ్శేరిలో మాంబళ్లి బాపు అను నాయన 1880లో బిస్కత్తుల కర్మాగారమును నెలకొల్పెను. 1883లో మర్డాక్ బ్రౌన్ అను తోటల దొర ఇంగ్లండు కేకు నొకదానిని చూపి, అట్టిది చేయుమని కోరగా, బాపుగారు ఆ ప్రాంతమున దొరకు దినుసులనే చేర్చి కాల్చి మెప్పు పొందెనని చెప్పుకొందురు.

ఇక మన వంటయిండ్ల డబ్బాలలో నేమున్నవి? నువ్వులు, వేరుశనగపప్పు, పుట్నాలపప్పు, ఎండుకొబ్బరి, అటుకులు, జీడిపప్పు, ఖర్జూరము, కిస్‌మిస్, సొంఠి, ఏలకులు. వీనిలో ఒకటి రెండైనను లేని యిల్లు అరుదు. వీనిని నాటువనియు, చాక్లెట్టును దొరలదనియు మేము తలంచితిమి. విచారింపగా ఆ విభాగమే నిలువదు. వేరుశనగ దక్షిణ అమెరికానుండి వచ్చినది. పలాసకును వేటపాలెమునకును పేరు తెచ్చిన జీడిపప్పు చెట్టును పోర్చుగీసువారు బ్రెజిలునుండి మన తీరమునకు తెచ్చిరి. చాక్లెట్టునకు మూలమైన కకావో చెట్టును ఆ ఖండముదే. ఇప్పుడది మన గోదావరి జిల్లాల కొబ్బరితోటలలో నీడన పెరుగుచున్నది. ఏ దినుసు ఎచట పుట్టినదను ప్రశ్నకంటె, దానిని మన మెట్లు వాడితిమను ప్రశ్నయే మేలు.

అట్లయిన ఎవరికి తోచినది వారు వేయవచ్చునా యని ఆక్షేపింతురేమో. వేయరాదు. ఉన్నది వేయుట వేరు, ఏదో ఒకటి వేయుట వేరు. మారనిదేదో ఎరిగినవారే మారునదానిని మార్పగలరు. సామాన్యమైన బిస్కత్తునకు తూకములో చక్కెర ఒక పాలు, వెన్న రెండు పాళ్లు, పిండి మూడు పాళ్లు. ఈ లెక్కను గట్టిగ పట్టుకొన్న పిమ్మట, కలుపు దినుసులన్నియు కలిసి పిండి తూకములో సగమునకు మించకున్నచో బిస్కత్తు చెదరదు. ఇది మేము చేసి చూచిన కొలత.

మూలద్రవ్యములనే మార్చినచో మరింత జాగ్రత్త వలయును. అంగడి వెన్నలో నూటికి సుమారు 16 పాళ్లు నీరుండును. నేతిలో నీరు దాదాపు లేదు. కావున వెన్నకు బదులు నేయి వాడినచో అయిదవ వంతు తగ్గింపవలెను. బెల్లము తేమను పట్టియుంచును. దానితో చేసిన బిస్కత్తు మెత్తగ నుండి త్వరగ ఎఱ్ఱబారును. చోడిపిండి మంచి ఆహారమే. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినది కూడ. అయినను గోధుమలో నుండు జిగురు గుణము చోళ్లలో లేదు. చోడిపిండి ఒక్కటే వాడిన బిస్కత్తు చేతిలోనే పొడియగును. సగము గోధుమపిండి చేర్చిన నిలుచును. నీరు గల పండ్లను పచ్చివిగ వేయరాదు. వంటగదిలో నేర్చు ఈ సంగతులు రసాయనశాస్త్రమునకు దూరమైనవి కావు.

ఓవెను లేనివారికి ఇది యెట్లు సాధ్యమని మరియొక ప్రశ్న. అడుగు మందమైన దాకలో రెండంగుళముల మేర ఉప్పు పోసి, దానిపై చిన్న పీట యుంచి, మూత పెట్టి పది నిమిషములు వేడి చేయవలెను. పిమ్మట బిస్కత్తుల పళ్లెమును పీటపై నుంచి సన్నని సెగపై ఇరువది నిమిషములు కాల్చిన చాలును. అంచులు ఎఱ్ఱబారగానే దింపవలెను. వేడిమీద మెత్తగ నున్నదని మరల పొయ్యిమీద పెట్టుట క్రొత్తవారు చేయు తప్పు; అది చల్లారిన పిమ్మట తానే గట్టిపడును. 2020లో కోవిడ్ వ్యాధి వలన అందరును ఇండ్లలో నుండవలసి వచ్చినపుడు ఎన్నో కుటుంబములవారు ఈ రీతిగనే కాల్చుట నేర్చిరి. మాలో కొందరము అప్పుడే నేర్చితిమి. అంగడికి పోవుట కష్టమైన ఆ దినములలో డబ్బాలో నున్నదే వేసితిమి, ఎవరును నవ్వలేదు.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు దసరా సెలవులలో వసతిగృహపు వంటయింట నువ్వుల బిస్కత్తులు చేసి చూచితిమి. మొదటి పళ్లెము చెడినది. బెల్లపు ముక్కలు కరగి, కారి, పళ్లెమునకు అంటి మాడిపోయినవి. అప్పుడు సిగ్గు విడిచి ఆ బాలునే పిలిచి అడిగితిమి. బెల్లమును ముక్కలుగ వేయరాదనియు, సన్నగ తురిమి ముందుగ నేతితో కలుపవలెననియు, నువ్వులు చిటపటలాడు వరకు వేయించి చల్లార్చిన పిమ్మటనే పిండిలో చేర్చవలెననియు అతడు చెప్పెను. ఇవన్నియు అతని తల్లి నువ్వుండలు చేయునపుడు చూచి నేర్చినవట. రెండవ పళ్లెము అతడే కాల్చెను. వంటచేయు అమ్మగారు రుచిచూచి మరి రెండు అడిగి తీసికొనిరి. గత సంవత్సరమే అతనిని బల్లయొద్ద నిలిపియుండినచో అంగడిలో అందరికంటె ఎక్కువ తెలిసినవాడు అతడే యైయుండును. తన పేరు వ్రాయవద్దని కోరినందున ఇచట వ్రాయలేదు.

కావున తొమ్మిదవ తరగతి సోదర సోదరీమణులకు మా మనవి మూడు మాటలు. పిండి, వెన్న, చక్కెర తరగతి సొమ్ముతో కొనుడు. అవి అందరికి సమానముగ నుండవలెను. కలుపు దినుసు మాత్రము ఎవరింట నున్నది వారు ఒక్క గుప్పెడు తెచ్చునట్లు ఏర్పరుపుడు. గుప్పెడు ఎవరికిని భారము కాదు, తేలేనివారు కాల్చుటకు చేయి యిత్తురు. ప్రతి పళ్లెమునొద్దను అందులో ఏమి వేసితిరో చీటి వ్రాసి పెట్టుడు. వేరుశనగ, జీడిపప్పు, నువ్వులు, పాలపదార్థములు కొందరి శరీరమునకు పడవు. అట్టివారికి ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. కావున నువ్వులు వేసిన పాత్రతో మరియొక రకము కలుపకుడు. చీటిపై దినుసుల పేర్లుండిన చాలును, తెచ్చినవారి పేర్లక్కరలేదు.

ఇట్లు చేసినచో పళ్లెములన్నియు ఒకే రూపమున నుండవనియు, కొనువారు సందేహింతురనియు కొందరందురు. నిజమే; అన్నియు ఒకే రూపమున నుండవు. ఒకే రూపమున నుండు బిస్కత్తులు అంగడిలో వలసినన్ని దొరకును. వానికై పాఠశాలకు రానక్కరలేదు. మన తల్లిదండ్రులు వార్షికోత్సవమునకు వచ్చుట మనము నేర్చినదేమో చూచుటకు.

నల్లబల్లపై మేము వ్రాసిన నియమమును తుడిచివేయు నధికారము ఇప్పుడు మాకు లేదు, మీకు కలదు. అంగడి నియమములు వ్రాయుటకు కూడినపుడు దానిని మొదట తుడిచి, తరువాతనే తక్కినవి వ్రాయుడని కోరుచున్నాము.