ఒక్క గిటారులో ఇరవై గిటార్లు



రెండు నెలలుగా మా సంఘంలో ఒక గిటారు గురించి మాట నడుస్తోంది. యౌవనస్థుల కూడికలో మొదలై, కమిటీ దాకా వచ్చి, చివరకు మా ఇంటి అరుగెక్కింది. ఆరాధనలో గిటారు వాయించే తమ్ముడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. "అయ్యగారూ, ఇదొకటి ఉంటే చాలు. దీంట్లో ఇరవైకి పైగా గిటార్లు ఉండాయి. పన్నెండు తీగల గిటారు ఉంది, బాంజో ఉంది, సితార కూడా ఉంది. దావీదు వాయించింది సితారానే గదా" అన్నాడు. మాకు నవ్వొచ్చింది గాని వాడి ముఖంలో నవ్వు లేదు.

ధర లక్షకు కాస్త అటూ ఇటూ. మా సంఘంలో లక్ష అంటే ఏమిటో చెప్పాలి. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ మా తల్లులు గుప్పెడు బియ్యం తీసి పక్కన పెడతారు. ఆదివారం ఆ సంచి తెస్తారు. అది అమ్మితే వచ్చే డబ్బే నిధిలో సగం. కూలికి పోలేని ఒక అవ్వ కూడా ఆ గుప్పెడు తప్పించదు. కాబట్టి "బాగుంది, కొందాం" అని ఊరికే అనేసే మాట కాదిది. ఇలాంటి ప్రశ్న మీ సంఘాలకూ వస్తుంది గనుక, మేము తెలుసుకున్నది, మాకు తోచినది రాస్తున్నాము.

మొదట ఆ పరికరం సంగతి. మామూలు ఎలక్ట్రిక్ గిటారులో తీగ కింద అయస్కాంతపు పికప్ ఉంటుంది. తీగ కదిలితే అది కరెంటుగా మారి బాక్సులోకి పోతుంది. మోడలింగ్ గిటారులో ఒక్కొక్క తీగకు బ్రిడ్జి దగ్గర విడిగా ఒక చిన్న పికప్ పెడతారు. ఆరు తీగల స్వరం ఆరు దారుల్లో లోపలి చిప్పులోకి వెళ్తుంది. ఈ తీగనే ఫలానా గిటారుకు కట్టి ఉంటే, దాని చెక్క, దాని పికప్ కలిసి ఎలాంటి స్వరం ఇచ్చేవో ఆ చిప్పు లెక్క కడుతుంది. రోలాండ్ కంపెనీ 1995లో వీజీ-8 అనే పెట్టెతో ఈ పద్ధతి తెచ్చింది. లైన్ 6 వారు వేరియాక్స్ పేరుతో దాన్ని గిటారు లోపలికే ఎక్కించారు. ఆ కంపెనీ తర్వాత యమహా చేతికి వచ్చింది. ఇందులో మోసమేమీ లేదు, మంచి ఇంజనీరింగు. అసలు గిటార్ల పేర్లు వేరే కంపెనీల సొత్తు గనుక, స్విచ్చుల మీద వాటిని తలపించే మారుపేర్లు వేసుకుంటారు. ఆ పేర్ల యజమానులకు మాతో సంబంధం లేదని పుస్తకం చివర చిన్న అక్షరాల్లో రాస్తారు. చిన్న అక్షరాలు చదివే అలవాటు మనకు లేదు, అంతే.

ఇప్పుడు ఆ సితార సంగతి. మన తెలుగు బైబిలులో సితారా అని ఉన్నది హెబ్రీలో కిన్నోర్. మెట్లు లేని చిన్న తీగల వాద్యం, చేత పట్టుకొని వాయించేది. రవిశంకర్ గారి సితార వేరు. ఈ గిటార్లలో వినిపించే సితార ఆ రెండూ కాదు. 1967లో అమెరికాలో డానెలెక్ట్రో కంపెనీ కోరల్ అనే పేరుతో ఒక ఎలక్ట్రిక్ సితార చేసింది. నిజానికి అది గిటారే. తీగ జుమ్మని మోగేలా బ్రిడ్జి మార్చారు. వేరియాక్స్ అనుకరించింది దాన్నే. అంటే నకలుకు నకలు. ఇది చెబితే తమ్ముడు కాసేపు ఊరుకొని, "అయినా బాగుంటాది గదా అయ్యగారూ" అన్నాడు. నిజమే, బాగానే ఉంటుంది. జుమ్మనే శబ్దం వస్తుంది. సితారలో తీగను పక్కకు లాగి ఒకే మెట్టు మీద నాలుగైదు స్వరాలు పలికించే పని మాత్రం రాదు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పాడే సంఘానికి కావలసింది ఆ జారుడే. అది స్విచ్చులో ఉండదు, వేలిలో ఉంటుంది. పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే గమకాలు పలికించారు. కరెంటు వాద్యమని మేము తక్కువ చేయడం లేదు.

మాటలతో తేలదని, మద్రాసులో ఉద్యోగం చేసుకునే మా విశ్వాసి బంధువు దగ్గర అలాంటి గిటారు ఉందని తెలిసి, ఒక శనివారం రైల్లో తెమ్మని బతిమాలుకున్నాం. ఆయన పుత్తూరు మీదుగా వచ్చి రేణిగుంటలో దిగాడు. మందిరంలో మా బాక్సుకే తగిలించాం. చెప్పవలసిన మంచి మొదట చెబుతాము. పన్నెండు తీగల స్వరం నిజంగా ముచ్చటేసింది. జుయ్యిమనే కరెంటు మోత లేదు. తీగలు ముట్టుకోకుండానే శ్రుతి మారిపోయింది.

అక్కడే తిరకాసు. శ్రుతి మారింది బాక్సులో వచ్చే స్వరానికే. చేతిలోని తీగ పాత శ్రుతిలోనే మోగుతుంది. పెద్ద స్టేజీ మీద ఆ మోత ఎవరికీ వినబడదు. మాది నలభై మంది పట్టే మందిరం. మెల్లగా ప్రార్థన పాట ఎత్తుకోగానే ముందు వరుసలో రెండు శ్రుతులు వినిపించాయి. పాడే సహోదరి రెండుసార్లు ఆగిపోయింది. ఇది గిటారు చెడిపోయి కాదు, దాని తయారీయే అంత. ఇంకొకటి, మా బాక్సు ఉపన్యాసాలకు కొన్నది. దానిలో ఇరవై గిటార్లు కలిసి మూడో నాలుగో అయ్యాయి. వీడియోలో వినబడింది గిటారు ఒక్కటే కాదు. మంచి యాంప్లిఫయరు, స్టూడియో, చేయి తిరిగిన వాద్యకారుడు, అన్నీ కలిపి వినిపించి గిటారు ధర ఒక్కటే చెబుతారు. పిల్లనగ్రోవి గురించీ వీణ గురించీ పౌలు కొరింథీయులకు రాసిన సంగతి మాకు ఆ రోజు గుర్తొచ్చింది. స్వరాల్లో తేడా లేకపోతే ఊదినదేదో మీటినదేదో ఎలా తెలుస్తుందని ఆయన అడిగాడు.

చార్జింగో బ్యాటరీలో లేకపోతే ఆ ఇరవైలో ఒక్కటీ పలకదు. బోర్డు పోతే మన బజారులో సోల్డరింగ్ చేసే అన్న చేతికి రాదు.

ఇస్సాకు చేత్తో తడిమి మోసపోయాడు, అతని చెవి మాత్రం అనుమానపడింది. మా చెవి కూడా అనుమానపడవలసింది, కానీ పడలేదు. దాచకుండా చెబుతాము, ఆ వీడియో చూసిన రాత్రి మాకూ ఆశ పుట్టింది. పట్నపు పెద్ద సంఘాల లైవ్ లాగా మన ఆరాధన వినిపిస్తే బాగుండునని. పాస్టరమ్మ ఒక్క మాట అడిగింది, "ఎవరికి వినిపించాలని?" జవాబు చెప్పలేకపోయాము.

కాబట్టి మా అభిప్రాయం ఇది. రకరకాల చోట్ల వాయించి జీవనం చేసుకునే తమ్ముడు తన కష్టార్జితంతో కొనుక్కుంటే సంతోషం, అతనికి నాలుగు గిటార్లు మోసే బాధ తప్పుతుంది. గుప్పెడు బియ్యం డబ్బుతో మాత్రం వద్దు. ముందు బాక్సు మార్చాలి, అది వాక్యానికీ పనికొస్తుంది. ఎవరైనా కొనేటట్లయితే మీ మందిరంలో, మీ బాక్సులో, మీ వాయించేవాడి చేత, మెల్లని పాటకు వాయించి చూసి కొనండి. ఒకప్పుడు మన పెద్దలు గిటారే వద్దన్నారు. అలాంటి వద్దు కాదిది.

కమిటీ ఒప్పుకుంది. తమ్ముడు ఏమీ అనలేదు. పోయిన ఆదివారం పాత గిటారుకే కొత్త తీగలు వేసుకొని వచ్చి, ఆరాధనంతా కళ్ళు మూసుకొని వాయించాడు. చాలా బాగా వాయించాడు. మాతో మాత్రం ఇంకా సరిగా మాట్లాడడం లేదు. ఈ వారం వాళ్ళింటికి వెళ్ళాలి.