గృహవిజ్ఞానము: కారుగొట్టములో టపాకాయలు

దీపావళి యేటికొకమాఱు వచ్చు పండుగ. కాని యిప్పుడు మన పట్టణములలో కొన్ని వీథులవారికి రాత్రి రాత్రియు దీపావళియే యగుచున్నది. పది గంటలు దాటి పసిబిడ్డలు కన్ను మూయు వేళకు వీథిమొగను ఏదో కారు వేగము తగ్గించును. వెంటనే దాని వెనుకనున్న గొట్టమునుండి టపటపమని ప్రేలుళ్లు వెడలును. ఉయ్యాలలోని శిశువు ఉలికిపడి యేడ్చును. ముసలివారు గుండె పట్టుకొని లేచి కూర్చుందురు. అది తన యింజినుయొక్క బలమని నడపువాడు మురియును. ఇంజిను పాడైనదని వినువారు తలంతురు. ఈ రెండు తలంపులలో నేది నిజమో యీ నెల విచారింతము.

దీనిని గూర్చి వ్రాయుమని యొక సోదరి మమ్ము గోరినారు. ఆమె రెండవ కుమారుడు తన జీతములో మిగిల్చిన సొమ్ముతో నొక పాత పెట్రోలు కారును గొని, రెండు నెలలు తిరుగకమునుపే కంపెనీవారు బిగించిన సైలెన్సరును తీయించి వేఱొక పెద్ద గొట్టమును వేయించెనట. నాటినుండి యాక్సిలరేటరుపైనుండి కాలు తీసినప్పుడెల్ల కారు ప్రేలుచున్నది. తండ్రి కుమారునితో మాటలాడుట మానినారు. ప్రక్కయింటివారు కిటికీలు మూసికొనుచున్నారు. “ఇది రోగమా, అలంకారమా? రోగమైన మందు చెప్పుడు, అలంకారమైన మాన్పించు మార్గము చెప్పుడు” అని యామె యడిగినారు. కొన్ని యెడల నిది రోగము; కొన్ని యెడల అలంకారము; పెక్కు యెడల రెండును. ఏది యేదో తెలియవలెనన్న ముందుగా ఇంజినులోపల జరుగు పని తెలియవలెను. అది వంటయింటి పనికంటె కష్టమైనది కాదు.

1876 లో జర్మనీ దేశస్థుడగు నికొలాస్ ఆటో నడిపి చూపిన నాలుగు ఘట్టముల పద్ధతియే నేటి పెట్రోలు కారులకును ఆధారము. సిలిండరను గుండ్రని గదిలో పిస్టను క్రిందికి దిగుచు గాలిని, పెట్రోలు ఆవిరిని లోనికి పీల్చును. పైకి వచ్చుచు ఆ మిశ్రమమును అదిమి నొక్కును. అప్పుడు స్పార్కు ప్లగ్గు ఒక నిప్పురవ్వను పుట్టించును. మండిన వాయువు వ్యాకోచించి పిస్టనును క్రిందికి త్రోయును. ఈ త్రోపుడే కారును నడపునది. తుదకు పిస్టను మరల పైకి వచ్చుచు కాలిన వాయువును వాల్వు తెఱచిన దారిని పొగగొట్టములోనికి నెట్టును.

ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలుటకు తూకమున 14.7 పాళ్ల గాలి కావలెను. అన్నమునకు ఎసరు కుదిరినట్లు ఇదియు కుదురవలెను. గాలి చాలనిచో పెట్రోలు కాలక మిగులును. గాలి మిక్కిలి హెచ్చైనచో నిప్పు సరిగా నంటుకొనక, ఆ విడత మిశ్రమమంతయు పచ్చిగానే బయటికి పోవును. ఎట్లు తప్పినను ఫలమొక్కటే: కాలవలసిన పెట్రోలు కాలక పొగగొట్టములో చేరును.

కట్టెల పొయ్యి నెఱిగినవారికి తక్కిన కథ వేఱుగ జెప్పనక్కఱలేదు. తడికట్టె రాజుచు పొగ గ్రమ్మును. ఆ పొగలో కాలవలసిన పదార్థమింకను గలదు. ఊదుగొట్టముతో నొక్క యూపిరి గాలి యూదినతోడనే పొగయంతయు భగ్గున మండును. గ్యాసు పొయ్యి మీట త్రిప్పి, అగ్గిపుల్ల గీయుటలో ఆలస్యము చేసినను అట్లే యగును. కారుగొట్టములోని ప్రేలుడును ఇట్టిదే. కాలని పెట్రోలు, గాలి, వేడి, ఈ మూడును సిలిండరులోగాక పొగగొట్టములో గలిసికొన్నప్పుడు ప్రేలును. దీనిని లోకమున బ్యాక్‌ఫైరందురు. నిజమునకు బ్యాక్‌ఫైరనగా మంట వెనుకకు, గాలి పీల్చుకొను మార్గములోనికి తన్నుట. పొగగొట్టములో ప్రేలుటకు ఆఫ్టర్‌ఫైరని వేఱు పేరు గలదు.

కాలు తీసినప్పుడే ఏల ప్రేలవలెను? కాలు తీయగానే ఇంజినునకు గాలి వచ్చు ద్వారము మూసికొనును. లోనికి వచ్చు గాలి మిక్కిలి తగ్గును. ముందటి విడతలో కాలిన పొగ కొంత సిలిండరులోనే నిలిచి క్రొత్త మిశ్రమమును చెఱచును. పాత కార్బురేటరు బండ్లలో నిట్టి సమయమున మంట తప్పిపోయి పచ్చి పెట్రోలు గొట్టములోనికి జాఱును. క్రొత్త బండ్లలోనైతే కాలు తీయగానే కంప్యూటరు పెట్రోలును ఆపివేయును. కావున కంపెనీనుండి వచ్చినది వచ్చినట్లున్న సామాన్యపు కారు ప్రేలుట అరుదు. అట్టి కారు ప్రేలుచున్నచో స్పార్కు ప్లగ్గునకో, దాని కాయిలునకో, వాల్వునకో, పెట్రోలు చిమ్ము ఇంజెక్టరునకో జబ్బు చేసినదని యెంచి వెంటనే చూపింపవలెను.

ఇక క్రొత్త గొట్టము వేయించినపిదప ప్రేలుళ్లు మొదలగుటకు గల కారణములను ఒక్కొక్కటిగా జెప్పుదుము.

మొదటిది, గొట్టముల కీళ్లలో గాలి జొరబడుట. పాతదానిని విప్పి క్రొత్తదానిని బిగించునప్పుడు ఇంజినుదగ్గఱి గ్యాస్కెట్టు మార్చకపోయినను, బోల్టులు సరిగా బిగింపకపోయినను సందులు మిగులును. లోనినుండి పొగ బయటికి వచ్చుచుండగా బయటి గాలి లోనికెట్లు పోవునని సందేహము కలుగవచ్చును. పొగ యేకధారగా రాదు. గుండె కొట్టుకొనినట్లు విడతలు విడతలుగా వచ్చును. విడతకు విడతకు నడుమ గొట్టములోని యొత్తిడి బయటి గాలికంటె తగ్గి, సందులగుండ గాలిని పీల్చును. ఊదుగొట్టపు పని యిచ్చట ఆ సందే చేయుచున్నది. ఇది నిక్కముగా రోగము. క్రొత్త గ్యాస్కెట్టు దీనికి మందు.

రెండవది, కొలత తప్పుట. గాలి ఫిల్టరును, గొట్టమును మార్చినప్పుడు గాలి ప్రవాహము మాఱును. కార్బురేటరు దానికి తగినట్లు పెట్రోలు నీయలేదు. క్రొత్త కారులలో పొగలోని ఆక్సిజనును చూచి పెట్రోలును సరిదిద్దు సెన్సరు గలదు. కాని సందుగుండ జొరబడిన గాలి దానిని మోసపుచ్చును. లోపల గాలి యెక్కువైనదని తలంచి యది కంప్యూటరుచేత మఱింత పెట్రోలు పోయించును.

మూడవది, కెటాలిటిక్ కన్వర్టరును తీసివేయుట. తేనెపట్టువలె సన్నని గదులుగల యొక దిమ్మపై ప్లాటినము, పల్లాడియము, రోడియము అను విలువగల లోహములను పూతగా బూసి, దానిని పొగదారిలో నిలుపుదురు. కాలక మిగిలిన పెట్రోలును, విషవాయువులను అది ప్రేలుడు లేకుండ మార్చివేయును. మన దేశమున 1995 లో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములలో క్రొత్త పెట్రోలు కారులకు దీనిని నిర్బంధము చేసిరి. గొట్టముతోబాటు దీనిని గూడ దుకాణమువారు తీసివేసినచో మిగిలిన పెట్రోలును అడ్డగించువారుండరు.

నాలుగవది, సైలెన్సరులోని యడ్డుగోడలు పోవుట. తుపాకి శబ్దమును అణచు సాధనమునకు 1909 లో అమెరికాలో పేటెంటు పొందిన హైరమ్ పెర్సీ మాక్సిమ్ అను నాయన అట్టి యుపాయముతోనే మోటారు ఇంజినుల శబ్దమునకును సైలెన్సరులు చేసెను. ఈయన తండ్రియే 1884 నాటి మాక్సిమ్ మరతుపాకిని నిర్మించినవాడు. తండ్రి తుపాకి జేయగా కుమారుడు దాని నోరు మూయించెను. మన బాలురు ఆ మూతను ఊడబెఱికి కారును మరల తుపాకిగా జేయుచున్నారు! లోపలి గదులును, శబ్దమును మ్రింగు దూదివంటి పదార్థమును ఉన్నంతవఱకు చిన్న ప్రేలుళ్లు బయటికి వినబడవు. అవి పోగానే వీథియంతయు వినును.

అయిదవది శుద్ధముగా అలంకారమే. కంప్యూటరులోని లెక్కలను మార్పించి, కాలు తీసినపిదప గూడ పెట్రోలు పోయునట్లును, నిప్పురవ్వ ఆలస్యముగా పుట్టునట్లును చేయింతురు. మంట సిలిండరులో ముగియక గొట్టములోనికి వ్యాపించి ప్రేలును. పందెపు కారులనుండి యీ వేడుక వచ్చినది. ర్యాలీ పందెములలో టర్బోయను గాలిచక్రము వేగము తగ్గకుండుటకై గొట్టములో పెట్రోలును మండించుచుండిరి. దానికొక ప్రయోజనము గలదు. ఆ కారుల ఇంజినులను మాటిమాటికి విప్పి బాగుచేయుటకు మెకానిక్కుల దండును గలదు. సంతకు, బడికి, ఆఫీసునకు పోవు కారునకు ఆ ప్రయోజనమును లేదు, ఆ దండును లేదు.

శబ్దము బలమునకు గుర్తా? కాదు. పిస్టనును త్రోసిన మంటయే కారును నడపును. గొట్టములో ప్రేలిన పెట్రోలు పిస్టనును త్రోయదు, చక్రమును త్రిప్పదు. మనము సొమ్మిచ్చి కొన్న పెట్రోలే చప్పుడై గాలిలో గలిసిపోవుచున్నది. పొయ్యిక్రింద మండవలసిన కట్టె పెరటిలో మండినచో అన్నముడుకునా?

నష్టము పెట్రోలుతో బోదు. కన్వర్టరు తీయక ప్రేలుళ్లు మాత్రము చేయించినచో, పచ్చి పెట్రోలు దానిలో మండి వేడి మితిమీఱి లోపలి దిమ్మ కరగి గడ్డకట్టును. ఎగ్జాస్టు వాల్వులు, టర్బో మాడును. కారు ముందరి పలకలో ఇంజిను బొమ్మగల పసుపుపచ్చ దీపము నిలుకడగా వెలిగినచో త్వరలో మెకానిక్కునకు చూపింపవలెను. అది మినుకుమినుకుమని కొట్టుకొన్నచో, మంట తప్పిపోయి కన్వర్టరు చెడుచున్నదని యర్థము. అప్పుడు వేగము తగ్గించి, సురక్షితమైన చోట నిలుపవలెను. మనలో ననేకులు స్వయముగా కారు నడుపుచున్నారు గనుక ఈ గుర్తును మఱువరాదు.

తల్లులు మఱింత జాగ్రత్తతో వినవలసిన మాట యొకటి గలదు. పొగలో కార్బన్ మోనాక్సైడను విషవాయువు గలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. కన్వర్టరు తీసివేసిన కారులో నిది హెచ్చుగా వెలువడును. కీళ్లలో సందులున్నచో కారుక్రిందనుండి లోపలికి జేరవచ్చును. అట్టి కారులో ఇంజిను నడుచుచుండగా ఏ.సి. వేసి, అద్దములు బిగించి, పిల్లలను నిద్రపుచ్చుట ప్రాణాపాయము. మూసిన షెడ్డులో ఏ కారునైనను నడుపుచు నిలుపరాదు. తలనొప్పి, వికారము, మగత కనబడినచో వెంటనే ఆరుబయటికి తీసికొనిపోయి వైద్యసహాయము పొందవలెను.

చట్టమును ఎఱిగియుండుట మంచిది. 2019 లో సవరింపబడిన 1988 నాటి మోటారు వాహనముల చట్టముప్రకారము, శబ్దమును, గాలిని గూర్చిన ప్రమాణములు మీఱి బండి నడపినవానికి మొదటి తప్పునకే 10,000 రూపాయలవఱకు జుల్మానాయో, మూడు నెలలవఱకు ఖైదో, రెండునో విధింపవచ్చును. మూడు నెలలు లైసెన్సునకు అనర్హతయు గలదు. 2000 సంవత్సరపు నియమములలో నివాసస్థలములకు పగలు 55, రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవఱకు 45 డెసిబెలులు హద్దుగా నిర్ణయింపబడినవి. పోలీసువారు ఇట్టి గొట్టములను ఊడదీయించి, నడివీథిలో రోడ్డు రోలరుతో ద్రొక్కించిన సంగతులు పత్రికలలో చూచుచునే యున్నాము.

ఇంతకును ఇంటిలో చేయవలసినదేమి? కోపముతో నిషేధించినచో కారు మన వీథిని విడిచి వేఱొక వీథిలో ప్రేలును. మన బిడ్డ లేచుట లేదు గదాయని యూరకుండరాదు, అచ్చటను ఉయ్యాలలుండును. కుమారుని ప్రక్క గూర్చుండబెట్టుకొని నెమ్మదిగా నాలుగు ప్రశ్నలడుగుడు. గొట్టము మార్చునప్పుడు క్రొత్త గ్యాస్కెట్టు వేసిరా? కన్వర్టరు కారులో నున్నదా, తీసివేసిరా? కంప్యూటరు లెక్కలు మార్చిరా? కారునకు వారంటీ మిగిలియున్నచో ఈ మార్పునకు కంపెనీవారొప్పుదురా? నాలుగింటికిని బదులు చెప్పగలవాడు తన కారును ఎఱిగినవాడు; చెప్పలేనివాడు తానే దుకాణమునకు పోయి యడుగును. తండ్రి మాటలాడనియింట ఈ ప్రశ్నలే మాటలకు దారి తీయవచ్చును. ఇంజిను పని తల్లికి తెలిసినదని తోచినప్పుడు కుమారుడు సాకులు చెప్పుట మాని సంగతి చెప్పును.

మఱియొక మాట. ఊడదీసిన పాత సైలెన్సరును, కన్వర్టరును దుకాణమున విడువక ఇంటికి తెచ్చి భద్రపఱుపుడు. అందలి ప్లాటినమునకై పాతసామాను వర్తకులు దానిని మంచి వెలకు గొందురు. మరల క్రొత్తది కొనవలసినచో గృహస్థునకు పెద్ద వ్యయము. పాతవి యింటనున్నచో ఒక్క పూటలో వానిని బిగింపించి, కీళ్లు సరిచూపించి, కంప్యూటరు లెక్కలను కంపెనీవారి లెక్కకు మరల మార్పింపవచ్చును. ఆ పిదపను ప్రేలుచున్నచో అది నిజమైన రోగమేయని తెలిసి, ప్లగ్గులనుండి వరుసగా పరీక్షింప జేయుడు.