చదరంగంలో ఏనుగు ఏమయింది?



మా బోరబండలో ఎంఎంటీఎస్ రైలెక్కితే తరవాతి స్టేషను హైటెక్ సిటీ. అక్కడికి దగ్గరలోనే శిల్పారామం ఉన్నది. మొన్న ఆదివారం మా మనవణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. ఒక కొట్లో చేత్తో చెక్కిన చదరంగం బొమ్మలు పెట్టారు. కిరీటం పెట్టుకున్న రాజు, పక్కన రాణి, కవచాలు తొడిగిన రౌతులు, కోట బురుజులు, అంతా ఎనిమిది వందల ఏళ్ళనాటి ఐరోపా సైన్యం! మావాడు అన్నీ కలియజూసి, "తాతయ్యా, ఏనుగు ఏది? మంత్రి ఏడి?" అని అడిగాడు.

మంచి ప్రశ్నే. చదరంగం మన దేశంలో పుట్టిన ఆట. చతురంగమనే మాటే చదరంగమయింది. నాలుగు అంగాలంటే రథాలు, ఏనుగులు, గుర్రాలు, కాలిబంట్లు. సుమారు 1400 ఏళ్ళ కిందట ఈ ఆట పారసీక దేశానికి వెళ్ళింది. అక్కడినుంచి అరబ్బులకూ, వారిద్వారా ఐరోపాకూ చేరింది. ఐరోపాలో బొమ్మలు చెక్కేవారిలో ఏనుగును కళ్ళారా చూసినవారు బహు అరుదు. వారికి రోజూ కనబడే పెద్దమనుషులు చర్చి బిషప్పులు. అందుచేత అక్కడ ఏనుగు బిషప్పయింది, రథం కోట అయింది, మంత్రి రాణి అయి కూర్చున్నది. మనం శకటు అని ఏటవాలుగా నడిపేది వారి బిషప్పునే. వారి కోట ఉండే మూల గడిలో మనం ఏనుగును నిలబెడతాం.

1831లో స్కాట్లండుకు చెందిన లూయిస్ దీవిలో పాత చదరంగం బొమ్మలు దొరికాయి. అవి 12వ శతాబ్దంలో, ఎక్కువ భాగం వాల్రస్ అనే సముద్రజంతువు దంతంతో చెక్కినవి. ఇప్పుడు చాలావరకు లండనులో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అందులో రాణి చెంపకు చెయ్యి ఆనించి దిగులుగా కూర్చుంటుంది. కొందరు భటులు ఆవేశం పట్టలేక తమ డాళ్ళనే కొరుకుతూ ఉంటారు! గుర్రాలు మాత్రం పొట్టివి. రౌతు కాళ్ళు దాదాపు నేలకు తగులుతాయి. ఆ చలిదేశాల గుర్రాలు అలాంటివే. చెక్కినవాడు తాను చూసిన గుర్రాన్నే చెక్కాడన్నమాట.

చెక్క బొమ్మల్లో అన్నిటికన్న కష్టమైనది గుర్రమే. మన ఏటికొప్పాక పనివారు అంకుడుకర్రను గిర్రున తిప్పుతూ, ఉలి ఆనించి, గుండ్రని బొమ్మలు చేసి లక్క రంగులు పట్టిస్తారు. బంటూ, రాజూ అలా తయారవుతాయి. గుర్రపు తల అలా రాదు. చెవి, ముట్టె, జూలు ఒక్కొక్కటీ చేత్తో చెక్కవలసిందే.

ఈ సంగతి తెలియక నేనొక పొరపాటు చేశాను. నేను కొత్తగా మేష్టరుగా చేరిన రోజుల్లో బడి చదరంగంలో ఒక గుర్రం పోయింది. ఏడో తరగతి కుర్రవాడొకడు సుద్దముక్కను బ్లేడుతో గీకి గుర్రపు తల చేసి తెచ్చాడు. దాని కళ్ళకు రెండు పక్కలా గంతలున్నాయి. "యుద్ధపు గుర్రానికి గంతలేమిట్రా? సుద్దముక్క పాడుచేశావు!" అని కసిరాను. వాడేమీ మాట్లాడలేదు. గుర్రాన్ని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. వాడి నాన్న జట్కా తోలుతాడని నాకు తరవాత తెలిసింది. జట్కా గుర్రానికి గంతలు కడతారు గదా! వాడు రోజూ చూసేదే చెక్కాడు. ఆ తరవాత వాడు మరే బొమ్మా నా దగ్గరకు తేలేదు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లలు ఏదైనా చేసి తెస్తే ముందు దాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. పాడైన సుద్దముక్క సంగతి తరవాత చూసుకోవచ్చు.

పిల్లలూ, ఈ నెల మీరు అరిగిన సబ్బుముక్కతో ఒక్క గుర్రం చెయ్యండి. పదును లేని చెంచా చాలు. బొమ్మల పుస్తకం చూసి మాత్రం చెయ్యకండి. మీరు చూసిన గుర్రాన్నే చెయ్యండి.