కృత్రిమ సూర్యుడు: వేడి నిలిచేదెంతసేపు?

2025 జనవరిలో చైనాలోని ఈస్ట్ యంత్రం 1,066 సెకండ్లు, ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని వెస్ట్ యంత్రం 1,337 సెకండ్లు ప్లాస్మాను ఆరిపోకుండా నిలిపాయి. ‘కృత్రిమ సూర్యుడు’ ఉదయించాడనీ, ఇక కరెంటు కొరత తీరినట్లేననీ ప్రచారం సాగింది. కుడితిని థర్మల్ కేంద్రం పొగగొట్టాలను నిత్యం చూసే బళ్లారి సరిహద్దు గ్రామాలకు ఈ మాట తీయగానే వినిపిస్తుంది. ఆ తీపిలో పడి బొగ్గు పొగ, బూడిదలను గురించిన ప్రశ్నలను వాయిదా వేసుకుంటే నష్టపోయేది మాత్రం ఈ గ్రామాలే.

అసలు చిక్కు ఎక్కడున్నది? హైడ్రోజన్ కుటుంబానికి చెందిన డ్యుటీరియం, ట్రిటియం కేంద్రకాలు యంత్రంలో ఒకటిగా కలవాలంటే పది కోట్ల డిగ్రీలకు మించిన వేడి కావాలి. అంతటి వేడిని ఏ పాత్రా భరించలేదు. అందుకే టోకమాక్ అనే, చిల్లిగారె ఆకారపు గదిలో అయస్కాంత క్షేత్రంతో ప్లాస్మాను గోడలకు తగలకుండా బంధిస్తారు. బంధించినా లోపల పుట్టే సుడులు వేడిని అంచుకు మోసుకుపోతూనే ఉంటాయి. పొయ్యి మండుతున్నంతసేపూ కుండ వేడిగానే ఉంటుంది; పొయ్యి ఆర్పిన తర్వాత ఎంతసేపు వేడి నిలుపుకొంటుందన్నదే కుండ గుణం. పై రికార్డులు పొయ్యి మండిన కాలాన్ని చెబుతున్నాయి. కుండ గుణాన్ని చెప్పే కాలం పెద్ద టోకమాక్‌లలో సైతం సెకను అటూ ఇటూగానే ఉన్నది. ఫ్రాన్సులో నిర్మాణంలో ఉన్న అంతర్జాతీయ ఐటర్ యంత్రపు లక్ష్యమే సుమారు 3.7 సెకండ్లు.

ఈ కాలాన్ని పెంచే దారి 1982లో జర్మనీలోని ఆస్డెక్స్ యంత్రంలో ఫ్రిట్జ్ వాగ్నర్ కంటపడింది. బయటినుంచి అందించే వేడి ఒక హద్దు దాటగానే ప్లాస్మా అంచున సుడులు అణగిపోయి, గట్టు వేసినట్లయి, వేడి నిలిచే కాలం దాదాపు రెట్టింపయింది. అయితే గట్టు పెరిగినకొద్దీ తెగే ముప్పు కూడా పెరుగుతుంది. వేడి విడతలు విడతలుగా ఎగదన్ని గోడను కొడుతుంది. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయిన రాత్రిని మరువని ఆయకట్టు రైతుకు ఈ భయాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

మన దేశమూ ఈ రంగంలో వెనుకబడి లేదు. గుజరాత్‌లో గాంధీనగర్ సమీపాన భాట్ గ్రామంలోని ప్లాస్మా పరిశోధన సంస్థ 1989లోనే ఆదిత్య టోకమాక్‌ను నడిపింది. ప్లాస్మా అంచున ఎలక్ట్రోడ్‌ను నిలిపి వోల్టేజి ఇస్తే అది హఠాత్తుగా కుప్పకూలడాన్ని అరికట్టవచ్చునని అక్కడి శాస్త్రజ్ఞులు చూపారు. యంత్రం చిన్నదే గాని పాఠం పెద్దది. ఐటర్‌లో 2005 నుంచీ భారత్ భాగస్వామి. దాని బాహ్య ఉక్కు కవచపు భాగాలు హజీరాలో తయారయ్యాయి.

2023 అక్టోబరులో బ్రిటన్‌లోని జెట్ యంత్రం 0.2 మిల్లీగ్రాముల ఇంధనం నుంచి 69 మెగాజౌళ్ల శక్తిని రాబట్టింది. కరెంటు బిల్లు భాషలో అది 19 యూనిట్లు. ప్లాస్మాను వేడెక్కించడానికి అయిన ఖర్చు అంతకన్నా ఎక్కువే! ఐటర్‌లో అసలైన ఇంధనంతో ప్రయోగాలు మొదలయ్యేది, 2024లో సవరించిన ప్రణాళిక ప్రకారం, 2039లో. నేడు ఐదవ తరగతి చదివే పిల్లలకు అప్పటికి ఇరవై దాటుతాయి.