లావీనియా ఇసుకలో రాసిన మూడు మాటలు

షేక్‌స్పియర్ ప్రతీకార నాటకం అనగానే మనకు హామ్లెట్ గుర్తొస్తాడు. 1594లో అచ్చయిన ‘టైటస్ ఆండ్రోనికస్’ని మాత్రం రక్తపాతం తప్ప ఏమీ లేని ముతక నాటకమని పండితులు చాలాకాలం పక్కన పెట్టేశారు. నేను సాహిత్య విమర్శకురాలిని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. అయినా అత్యాచార బాధితులతో పనిచేసే మనం ఆ నాటకంలో నాలుగో అంకం మొదటి రంగాన్ని చదివి తీరాలంటాను.

రోమన్ సేనాని టైటస్ యుద్ధంలో బందీగా తెచ్చిన గోత్ రాణి టమోరా పెద్దకొడుకుని, ఆమె మోకరిల్లి వేడుకున్నా వినకుండా, బలి ఇప్పిస్తాడు. ఆ పగకి దొరికింది టైటస్ కూతురు లావీనియా. టమోరా మిగతా కొడుకులిద్దరూ ఆమె భర్తను చంపి, ఆమెపై అత్యాచారం చేసి, చెప్పకుండా నాలుకా, రాయకుండా చేతులూ నరికేస్తారు. మగవాళ్ళ యుద్ధాల లెక్కలు ఎవరి శరీరం మీద తేలతాయో మనకు కొత్త కాదు.

ఈ రంగంలో ఆమెను చూసి మేనల్లుడు భయపడి పరుగెడతాడు. (ఇంట్లోవాళ్ళ మొదటి స్పందన భయమే కావడం కేసుల్లో మనం చూస్తున్నదే.) పిల్లాడు పడేసిన పుస్తకాల్లోంచి ఓవిడ్ కావ్యాన్ని ఎంచుకుని, మొండిచేతులతో పేజీలు తిప్పి ఫిలోమెలా కథ దగ్గర ఆగుతుంది. బావ అత్యాచారం చేసి నాలుక కోసేస్తే, జరిగింది బట్టలో నేసి అక్కకి పంపిన స్త్రీ ఫిలోమెలా. లావీనియాకి అలాంటి అక్క లేదు. ఎదురుగా ఉన్నది తండ్రీ, ఆయన సోదరుడు మార్కసూ. మార్కస్ కర్ర నోట పట్టుకుని ఇసుకలో ఎలా రాయొచ్చో చూపిస్తాడు. ఆమె రాస్తుంది: నేరాన్ని చెప్పే ఒక లాటిన్ మాట, రెండు పేర్లు.

గొంతు లేని స్త్రీ గొంతు సంపాదించుకున్న ఘట్టంగా దీన్ని చదవడం సులువు. నాకు అలా అనిపించదు. ఆ లాటిన్ మాట ‘స్టూప్రమ్’. రోమన్లు స్త్రీ ఇష్టపడి చేసిన తప్పుకీ అదే మాట వాడారు. అందులో ఉన్నది కుటుంబం పరువు, ఆమె సమ్మతి కాదు. ఇక పేర్లు తెలియగానే అందరూ మోకరిల్లి పగ తీరుస్తామని ప్రమాణం చేస్తారు. ఇసుకలోవి గాలికి పోతాయి, ఇత్తడి రేకు మీద చెక్కుతానంటాడు టైటస్. నీకేం కావాలని ఆమెను ఒక్కరూ అడగరు. వాంగ్మూలం అప్పుడే ఆమె చేయి దాటిపోయింది.

2019 డిసెంబర్ 6న హైదరాబాద్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక యువతి అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం వాళ్ళ మీద పూలు చల్లారు. చంపే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ప్రశ్నించినవాళ్ళని ఆడవాళ్ళై ఉండి ఇదేం మాట అన్నారు. ఆడవాళ్ళం కాబట్టే అడిగాం. మన పేరు మీద జరిగే పగలో మనకున్న హక్కెంత?

లావీనియాకి కోపం లేదని నేననను. టైటస్ ఆ ఇద్దరి గొంతులు కోస్తుంటే మొండిచేతుల మధ్య పళ్ళెం పట్టుకుని నిలబడుతుంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ తర్వాత విందులో టైటస్, చెరచబడ్డ కూతుర్ని తండ్రి చంపడం సబబేనా అని చక్రవర్తిని అడుగుతాడు. సబబే, ఆమె బతికుంటే తండ్రి దుఃఖం మళ్ళీ మళ్ళీ రేగుతుంది అంటాడాయన. మరుక్షణం టైటస్ ఆమెను చంపేస్తాడు. పగ తీరిన ఇంట్లో సాక్షి అవసరం లేదు.

ఆఖరికి అన్న లూసియస్ ఆమెను కుటుంబ సమాధిలో పెట్టమని ఆజ్ఞాపిస్తాడు, తండ్రితో కలిపి.