‘మార్చేయండి’ అనే వారితో ఒక వాదం

గత నెలలో మా బావమరిది తెనాలి వచ్చాడు. వరండాలో పాత చీర పరచుకొని, దాని మీద నా స్కూటరు కార్బురేటరును విప్పి పోసుకొని కూర్చున్న నన్ను చూసి నొచ్చుకున్నాడు. "బావగారూ, ముప్ఫై ఏళ్లు పిల్లలకు ఛందస్సు చెప్పిన చేతులు! ఈ మసి మీకెందుకు? ఆ డొక్కు బండిని వదిలించుకొని కొత్తది తీసుకోండి" అన్నాడు. అతనికి నా మీద ఉన్నది ప్రేమే. కాని ఆ మాటలో రెండు దోషాలున్నాయి. మసి పండితునికి తగదనడం ఒకటి. చెడినదానికి మార్చడమొక్కటే మందనడం రెండవది. ఆనాడు ఇంటికి వచ్చిన చుట్టమని ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోవలసిన పని లేదు.

ముందు బండి సంగతి. 1992లో కొన్న బజాజ్ చేతక్. రెండు స్ట్రోకుల ఇంజను, 145 సీసీ. దానికి ముందు దశాబ్దంలో డబ్బు కట్టి స్కూటరు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన వారున్నారు. ఆ రసీదులను పెళ్లి పత్రికలతో పాటు పెట్టెలో దాచుకున్న తరం మాది. అదంతా చెబితే ఇప్పటి పిల్లలు పురాణమనుకుంటారు.

కిందటి వర్షాకాలంలో ఈ బండికి ఒక వింత రోగం పట్టుకుంది. ఇంటి దగ్గర ఒక్క కిక్కుకే లేచేది. నాలుగైదు కిలోమీటర్లు చక్కగా పోయి, రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. చెట్టు నీడన కాసేపు నిలబెడితే, ఏమీ ఎరగనట్టు మళ్లీ లేచేది. ఒక షెడ్డుకు తీసుకుపోయాను. అక్కడి కుర్రవాడు ఒక్క ప్రశ్న అడగలేదు. "కార్బురేటరు పోయింది మాస్టారూ, మార్చేయండి" అన్నాడు. మార్పించాను. మరునాడు దాదాపు అదే చోట ఆగింది. రెండవసారి వెళితే "కాయిలు మార్చేద్దాం" అన్నాడు. ఎందుకని అడిగితే, "అసలు బండే మార్చేయండి మాస్టారూ, ఎన్నాళ్లు తోలతారు?" అన్నాడు. వస్తువు నుంచి వాహనం దాకా ఒకే మంత్రం!

నా కోపం మెకానిక్కుల మీద అనుకునేరు, కాదు. 1990లలో మా వీధి చివర వేపచెట్టు కింద ఒక మేస్త్రీ ఉండేవాడు. సంతకం తప్ప మరో అక్షరం రాయలేడు. బండి తీసుకుపోతే పానా ముట్టుకొనే ముందు ప్రశ్నలు వేసేవాడు. ఎంత దూరం పోయాక ఆగింది? దగ్గి ఆగిందా, ఠక్కున ఆగిందా? చల్లారాక లేచిందా? "దగ్గి ఆగితే పెట్రోలు చూడాలి మాస్టారూ, ఠక్కున ఆగితే కరెంటు చూడాలి" అనేవాడు. తప్పిపోయే సందర్భాలు లేకపోలేదు గాని, ముప్ఫై ఏళ్లుగా నన్ను ఎక్కువసార్లు కాపాడిన సూత్రం అది. అతను చేసినది వ్యాఖ్యానం. ఈ కుర్రవాడు చేసినది తీర్పు.

మేము ప్రాచ్య కళాశాలలో చదువుకున్నది ఏమిటి? ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ కుదిరితేనే పదాల గుంపు వాక్యమవుతుంది. అర్థం కుదరనప్పుడు ఏది లోపించిందో వెదకాలి. ఇంజనుకూ మూడే కావాలి: పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. పద్యానికి అన్వయం కుదరలేదని పద్యాన్నే కొట్టివేసి కొత్తది రాసేవాణ్ణి పరిష్కర్త అంటామా? తాళపత్రంలో పాఠం తెలియక తనకు తోచిన మాట చొప్పించిన వాణ్ణి మా గురువులు క్షమించేవారు కారు. స్కూటరు విషయంలో మాత్రం ఎందుకు క్షమించాలి?

ఒకనాడు బండి ఆగిన చోటనే, ఇంజను కాస్త చల్లారనిచ్చి ప్లగ్గు విప్పాను. పొడిగా ఉంది. పలుమార్లు కిక్కు కొట్టిన తరువాత ప్లగ్గు తడిగా ఉంటే పెట్రోలు వస్తున్నది, నిప్పు లేదు అని అనుమానించాలి. పొడిగా ఉంటే పెట్రోలే అందడం లేదు. ట్యాంకులో సగానికి పైగా ఉంది, ట్యాపు తెరిచే ఉంది, కార్బురేటరు కొత్తది. మరి? ట్యాంకు మూత తిప్పాను. ‘సుయ్’మని గాలి లోపలికి పోయిన చప్పుడు వినిపించింది.

అదీ సంగతి. ఈ బండిలో పెట్రోలును తోసే పంపు లేదు. ట్యాంకు పైన, కార్బురేటరు కింద, బరువుకే జారుతుంది. కార్బురేటరు గిన్నెలో ఒక తేలుడుబుడ్డి ఉంటుంది. పెట్రోలు నిండినప్పుడు అది పైకి లేచి నీడిలుతో దారి మూస్తుంది. తగ్గినప్పుడు దిగి దారి తెరుస్తుంది. ఇంజను పీల్చే గాలి ఇరుకు గొంతులో వేగం పుంజుకొని, జెట్టు గుండా పెట్రోలును తుంపరగా లాక్కుంటుంది. ఇదంతా సాగాలంటే ట్యాంకులో తగ్గినంత పెట్రోలుకు బదులు గాలి లోపలికి చేరాలి. అందుకే మూతలో గుండుసూది మొనంత రంధ్రం పెట్టారు. అది మూసుకుపోతే కొన్ని కిలోమీటర్లలో ట్యాంకు బిగదీసుకుంటుంది, ధార సన్నబడుతుంది, బండి దగ్గుతుంది. ఆపి ఉంచితే సందుల్లోంచి గాలి మెల్లగా చొరబడుతుంది, మళ్లీ లేస్తుంది. రోగలక్షణాలన్నీ అతికినట్టు సరిపోయాయి.

మూసినవాడెవడు? నేనే. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలుస్తున్నది. 2025 నాటికి దేశమంతటా 20 శాతం దాకా వచ్చింది. ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది. నీరు మితిమీరితే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడివడి అడుగుకు చేరతాయి. ఇది చదివి, వానకు బండి బయట తడుస్తున్నదని, మూత కింద పాలిథిన్ ముక్క ఒకటి పెట్టి బిగించాను! తెలివి సగం ఉంటే ఇలాగే ఉంటుంది. అయినా నా తప్పు కనిపెట్టడానికి నాకు పట్టిన కాలం పది నిమిషాలు. ‘మార్చేయండి’ అన్నవాడికి అది ఎప్పటికీ కనిపించదు. ఎందుకంటే అతను వెదకలేదు.

తప్పులు చేయకుండా ఈ విద్య రాదు. 1998లో ఒకసారి జెట్టులో నలక ఇరుక్కుంటే కుట్టుసూదితో పొడిచాను. ఇత్తడి మెత్తన; రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైంది. ఆపైన ప్లగ్గు నల్లగా మసిబారడం, మైలేజీ పడిపోవడం! జెట్టును పెట్రోలులో నానబెట్టి సైకిలు పంపుతో ఊదాలని మేస్త్రీ చెప్పాడు, నవ్వలేదు కూడా. చేసిన పనికి ఫలితం ప్లగ్గు మీదే రాసి ఉంటుంది: ఇటుకరంగు అయితే సరి, నలుపైతే పెట్రోలు ఎక్కువ, తెలుపైతే తక్కువ. ఇంత నిక్కచ్చిగా దిద్దే ఉపాధ్యాయుడు నాకు బడిలోనూ తారసపడలేదు.

ఇక పరువు మాట. "చదువుకోకపోతే మెకానిక్కు షెడ్డుకు పోతావురా" అని మన బడుల్లో అనని ఉపాధ్యాయుడుంటే చూపించండి. నేనూ అన్నాను. ఎందరితో అన్నానో లెక్క లేదు, ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. చేతిపనిని చదువుకు కేంద్రంగా పెట్టాలని 1937లో వార్ధాలో గాంధీగారు ప్రతిపాదించారు. ఆ సంగతి మేము పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాము. మా బడిలో క్రాఫ్టు పీరియడును మాత్రం లెక్కల మాస్టారు వాడుకొనేవారు. ఆ క్రాఫ్టు గది తాళం చివరికి ఎక్కడ పోయిందో!

బావమరిది వాదంలో బలం లేకపోలేదు. రెండు స్ట్రోకుల బండి నూనెను కలిపి కాలుస్తుంది, పొగ విడుస్తుంది, కొంత పెట్రోలును కాలకుండానే బయటికి తోస్తుంది. అందుకే రోజూ తీయను. వారానికి రెండు మూడుసార్లు మార్కెట్టుకు, గ్రంథాలయానికి. ప్రభుత్వం కూడా రుసుముల భాషలో ‘మార్చేయండి’ అనే అంటున్నది: పదిహేనేళ్లు దాటిన ద్విచక్ర వాహనాల రిజిస్ట్రేషను పునరుద్ధరణకు 2022 ఏప్రిల్ నుంచి 300 రూపాయల బదులు 1,000, ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో 2,000 చేశారు. పొగకు సుంకమంటే కడతాను. కాని తయారీకి పట్టిన ఇనుము, బొగ్గు, చెమట లెక్కలో కనబడకుండా, కొత్త బండి అనగానే అదేదో నిష్పాపమన్నట్టు మాట్లాడితే ఒప్పుకోను. కొన్న అయిదేళ్లకే, బాగుచేసేవాడు దొరకక మూలపడిన వస్తువులు బావమరిది ఇంట్లో నేనే నాలుగు చూశాను.

షెడ్డులో ఇచ్చిన డబ్బు రాదు. పాత కార్బురేటరును మాత్రం అడిగి తెచ్చుకున్నాను. ఆనాడు వరండాలో విప్పి పోసుకున్నది దాన్నే. కడిగి, ఊది, గాస్కెట్టు మార్చి మళ్లీ బిగించాను. (అవును, గాస్కెట్టు మార్చాను, అరిగినదాన్ని మార్చవద్దని ఎవరన్నారు?) కొత్తది అలమారాలో శబ్దరత్నాకరం పక్కన ఉంది. బావమరిది సంక్రాంతికి వస్తానన్నాడు. స్టేషనుకు స్కూటరు మీదే వెళతాను. వెనక సీటు దుమ్ము దులిపి ఉంచాను.