బెల్లము కొన్నవారు మరల వత్తురా?

మన సంఘ సభ్యులలో కొందరు ఇటీవల తమ బెల్లమును కమీషను వర్తకుల దుకాణములకు తోలక, పట్టణములందలి గృహస్థులకు స్వయముగ అమ్మ మొదలిడిరి. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము. 1999వ సంవత్సరమున రైతుబజారులు వెలసినది మొదలు కూరగాయలు పండించు రైతు తన సరకు కొనువారి ముఖము చూచుచునే యున్నాడు. చెరకు రైతునకు మాత్రము చిరకాలముగ అనకాపల్లి మార్కెట్టును, అచ్చటి దళారియుమే దిక్కు. అట్టివాడు నేడు తానే వర్తకుడైనాడు. కావున వర్తకుని బాధ్యతయు వాని మీదనే పడినది.

మేము గ్రామములకు పోయినప్పుడెల్ల ఈ సోదరులు మమ్మడుగు ప్రశ్న యొక్కటియే: “అయ్యా, క్రొత్త గిరాకీ యెట్లు దొరకును?” ఒకరు రోడ్డు ప్రక్కన బోర్డు కట్టుదురు. మరియొకరు గానుగ ఫొటోలు తీసి ఫోనులో నూరుమందికి పంపుదురు. ఇవి చేయవలదని మేము చెప్పుట లేదు. కాని అడుగవలసిన ప్రశ్న అది కాదని మా అభిప్రాయము. నిరుడు కొన్నవారిలో ఎందరు ఈ యేడు మరల వచ్చిరి? ఈ లెక్క వ్రాసియుంచిన రైతు మాకు చాల అరుదుగ కనబడును.

ఒక చిన్న లెక్క చూడుడు. ఎకరమునకు 30 టన్నుల చెరకు పండినదనుకొందము. నూటికి పది వంతున 3 టన్నుల బెల్లము దిగును. ఒక కుటుంబము నెలకు 2 కిలోలు వాడినచో ఏటికి 24 కిలోలగును. అనగా ఎకరపు బెల్లమంతయు చెల్లుటకు 125 ఇండ్లు చాలును. పట్టణమంతయు మనలను ఎరుగ నక్కరలేదు. ఈ 125 గడపలు ఏటేట చెదరక నిలిచిన చాలును. ఏటికి సగము ఇండ్లు జారిపోవుచుండగా, ఆ సగమును పూరించుటకై బోర్డులు కట్టుట చిల్లి కుండలో నీళ్లు పోయుటయే గదా!

ఇండ్లు ఏల జారిపోవుచున్నవి? కొనువారు మనతో కలహింపరు. కలహించిన ఎంతయో మేలు. ఇల్లాలు పండుగనాడు పరమాన్నము వండును. బెల్లము కలిపినంతనే పాలు విరుగును. ఆమె మన యింటికి వచ్చి చెప్పదు, మరునెల మరియొక దుకాణమునకు పోవును. సంక్రాంతికి అరిసెల పాకము పట్టినప్పుడు ముదురుపాకమునకు రాక జావగనే యున్నచో, ఆ సంగతి ఆమె చెల్లెండ్రకును ఇరుగుపొరుగువారికిని తెలియును గాని మనకు తెలియదు. కావున రెండవసారి సరకు ఇచ్చునప్పుడు, “అమ్మా, మొన్నటి బెల్లము ఎట్లున్నది? దేనికి వాడితిరి?” అని నోరు విప్పి యడుగవలెను. సిగ్గుపడనక్కరలేదు.

ఆమె చెప్పు దోషములలో పెక్కింటికి మూలము మన పొలమునందును, గానుగ కడను కనబడును. చౌడు నేలలో, ఉప్పునీటి పారుదలలో పెరిగిన చెరకు బెల్లము ఉప్పనగును. నత్రజని యెరువును మితిమీరి చల్లినచో బెల్లము గట్టిగ కట్టదు. నరికిన చెరకును రెండు మూడు దినములు ఎండలో పడవేసి పిదప ఆడినచో రసము పులిసి, దిమ్మ మెత్తబడును. నరికిన 24 గంటలలోపల ఆడవలెనని మేము ఎన్నిమారులు చెప్పితిమో లెక్క లేదు. గట్టి దిమ్మకు పాకము 118 మొదలు 120 సెంటిగ్రేడు డిగ్రీల వేడికి వచ్చినప్పుడు దింపవలెను. చేతి అంచనా గొప్పదే, కాని ఒక వేడిమాని కొనుట వలన దానికి అవమానము కలుగదు.

ఇక రంగు మాట. పసుపుపచ్చని బెల్లమునకు మార్కెట్టులో హెచ్చు ధర పలుకుట చేత మనవారు రసములో హైడ్రోసు వేయుట మరగిరి. ఆ రంగు నిలుచునది కాదు. నిలువయుంచిన కొలది మరల నల్లబడును. బెల్లములో గంధక శేషము మాత్రము మిగులును. దళారికి అమ్మునప్పుడు రంగు పోవునాటికి ఆ సరకు ఎవరిదో ఎవ్వరును ఎరుగరు. గృహస్థునకు నేరుగ అమ్మిన రైతునకు ఆ చాటు లేదు. వాని బెల్లము వాని పేరుతోనే ఆ యింటి డబ్బాలో నల్లబడును. బెండ కాండములను, వేళ్లను నలిపి తీసిన జిగురుతో మడ్డిని చక్కగ తీసివేసిన యెడల, మందు లేకయే తేరిన రసము వచ్చును. ఆ పని పెద్దలు ఎరిగినదే.

అయితే దీనికి వ్యతిరేకమైన మోసము కూడ నేడు ప్రబలుచున్నది. నల్లనిదంతయు శుద్ధమైనదని పట్టణవాసులు నమ్ముచున్నారని గ్రహించి, మాడిన పాకమును, మడ్డి తీయని సరకును “సహజ బెల్లము” అని అమ్మువారున్నారు. సున్నము హెచ్చినను బెల్లము నల్లబడును. నలుపు శుద్ధికి గుర్తు కాదు. అట్లే యూరియా చల్లిన తోటలోని బెల్లమునకు “సేంద్రియ” మని చీటి అంటించుట, ఎంత లాభము వచ్చినను, అబద్ధమే.

మేము ముఖ్యముగ చెప్పదలచినది ధర నిలకడను గూర్చి. పండుగ ముందు మార్కెట్టు కిలోకు 5 రూపాయలు పెరిగినదనుకొందము. 125 ఇండ్లకు పిండివంటలకై ఇంటికి 3 కిలోల వంతున 375 కిలోలు ఇచ్చెదమని మాట యిచ్చియున్నాము. ఆ సరకును దళారికి తోలినచో మనకు మిగులునది 1,875 రూపాయలు. పండుగ దినములలో వట్టి చేతులతో మరలిన యిండ్లలో 25 మాత్రమే మనలను విడిచిన యెడల, ఏటేట 600 కిలోల బెల్లమునకు క్రొత్తవారిని వెదకుకొనవలెను. లాభము ఒక్కమారు, నష్టము ప్రతి సంవత్సరము. కావున గానుగ ఆడుటకు ముందే ఏడాది ధర చెప్పి, మార్కెట్టు పెరిగినను తరిగినను దానికి కట్టుబడవలెనని మా మతము. తరిగినప్పుడు కొనువారును కట్టుబడుదురా యని కొందరు ఆక్షేపింతురు. అందరును కట్టుబడరు. కట్టుబడినవారే మనవారు.

అరువు విషయము సంక్షేపముగ చెప్పెదము. బాకీ పడినవాడు మన వీథిన నడువక మరియొక వీథిన పోవును. బాకీయు పోవును, గిరాకీయు పోవును. కాటా ముద్ర వేయించినదై యుండవలె నన్నది వేరుగ చెప్పనేల?

సంఘము ఏమి చేయవలెను? 1844వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 28 మంది సామాన్యులు కూడి, వెన్న, పంచదార, పిండి మొదలగు కొలది సరకులతో ఒక చిన్న దుకాణము తెరచిరి. కల్తీ సరకులు ప్రబలియున్న ఆ దినములలో శుద్ధమైన సరకు, నిండు తూకము అను రెంటినే నమ్ముకొని నిలిచిరి. మన సహకారోద్యమమునకు ఆ దుకాణమే దారి చూపినది. మన దేశమున 1937లోనే వ్యవసాయోత్పత్తుల వర్గీకరణకును, ముద్రకును చట్టము చేయబడినది. సంఘము పేరుతో బెల్లము అమ్ముచు, సభ్యుడు తెచ్చిన దిమ్మనెల్ల కన్ను మూసికొని పుచ్చుకొనుట ఈ రెంటికిని విరుద్ధము. “మనవాని సరకును మనమే త్రిప్పి పంపుటా?” అని కార్యవర్గమువారు మొగమాటపడుచున్నారు. ఒక్కని మొగము చూచి తక్కిన సభ్యులందరి గిరాకీని పోగొట్టుట ఏ న్యాయమో మాకు బోధపడకున్నది.

మా సూచన యిది. ప్రతి సభ్యునకు ఒక సంఖ్య నియ్యవలెను. ఊరి వడ్రంగి చేత బెల్లపు అచ్చు అడుగున ఆ సంఖ్యను తిరుగవ్రాతగ చెక్కించినచో దిమ్మ మీద తిన్నగ పడును, ఖర్చు స్వల్పము. కొన్నవారు త్రిప్పి పంపిన దిమ్మ వెల ఆ సంఖ్యగలవాని లెక్కలోనే తగ్గింపవలెను. వానకాలమున చెమ్మ పట్టి మెత్తబడిన సరకును వేరుగ నుంచి, ఉన్న సంగతి చెప్పి తక్కువ ధరకే అమ్మవలెను. శ్రావణమాసపు బూరెలకని వచ్చినవారికి దానిని అంటగట్టరాదు. నవంబరులో గానుగలు కదలక పూర్వమే సర్వసభ్య సమావేశమున ఈ నియమములు చర్చకు వచ్చినచో, అచ్చులు చెక్కించుటకు వ్యవధి చాలును.